శక్తి అంటే ఎనర్జీయా, పవరా?

ప్రశ్న (సిరోంచ నుంచి): మా పాప ఇక్కడే మరాఠీ మీడియంలో తొమ్మిదో తరగతి. ప్రాణహిత అవతల చెన్నూరులో మా మేనల్లుడిది తెలుగు మీడియం. సెలవుల్లో ఇద్దరూ ఒక్కచోట చేరితే ఫిజిక్స్ మీద ఒకటే గొడవ. శక్తిని జౌళ్లలో కొలుస్తారని వాడు, కాదు వాట్లలో అని ఇది. ఎవరిది రైటు?

జవాబు: ఇద్దరిదీ రైటే అక్కా. మరాఠీ పుస్తకంలో ఎనర్జీని 'ఊర్జా' అంటారు, పవర్‌ని 'శక్తీ' అంటారు. మన పుస్తకంలో ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. పేరేదైనా ఎనర్జీకి కొలత జౌళ్లు, పవర్‌కి, అంటే సెకనుకు జరిగే పనికి, వాట్లు. ఇక పనికి వాళ్ల మాట 'కార్య'. మనింట్లో కార్యం అంటే పంతులుగారిని పిలవాల్సిందే! మాటలు పక్కనపెట్టి ఇద్దరికీ ఒక లెక్క ఇవ్వండి. 40 కిలోల మిర్చి బస్తాను మీటరున్నర ఎత్తున్న లారీలోకి ఎత్తితే జరిగే పని సుమారు 588 జౌళ్లు. రెండు సెకన్లలో ఎత్తినవాడి సామర్థ్యం 294 వాట్లు, నాలుగు సెకన్లు పట్టినవాడిది 147. పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. కూలీ ఒకటే, అది వేరే సంగతి.

మరొకరు: మరి అశ్వశక్తి మాటేంటన్నా? హార్స్ పవర్‌కి మనవాళ్లే శక్తి అని పెట్టారు కదా.

జవాబు: అక్కడ దొరికిపోయాం. ఒక అశ్వశక్తి అంటే 746 వాట్లు, అచ్చంగా సామర్థ్యమే. పొలం దగ్గర ఆ మాట ఎవరంటారు లెండి, 'అయిదు హెచ్‌పీ మోటరు' అంటారు, అదే నయం. ఆ మోటరు ఫుల్ లోడుతో గంట తిరిగితే చేసే పని 3.73 యూనిట్లు. లోపల వేడి రూపంలో కొంత పోతుంది కాబట్టి మీటరు ఇంకాస్త ఎక్కువే తిరుగుతుంది. యూనిట్ అంటే కిలోవాట్ అవర్, 36 లక్షల జౌళ్లు. పేరులో వాట్ ఉందని దాన్ని పవర్ అనుకునేవాళ్లు చాలామంది.

ఇంకొకరు: 'సామర్థ్యం' కూడా చిక్కే. వెయ్యి లీటర్ల ట్యాంకుకీ అదే మాట, పేపర్లో కరెంటు ప్లాంటుకీ అదే. నా ఓటు 'పవర్'కే.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ తమ్ముడూ. ఇప్పుడు కొత్త పేచీ. పాప పుస్తకంలో 'చాల్', 'వేగ్' అని రెండున్నాయి.

జవాబు: వేగ్ అంటే మన వేగమే, దాంతో దిశ కూడా చెప్పాలి. చాల్ అంటే వడి, బండి స్పీడోమీటరులో కనిపించేది. పరీక్షలో మాత్రం ఎవరి మీడియం మాట వాళ్లనే రాయమనండి.