రైతుబంధు ఫలితాల లెక్కలో కౌలు రైతును ఎక్కడ పెట్టాలి?

నమస్తే అండీ. ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టుకి తెలంగాణ రైతుబంధు (పంట పెట్టుబడి సాయం పథకం) తీసుకున్నాను. 2018లో ఎకరాకు పంటకు 4,000 రూపాయలతో మొదలైంది, మరుసటి ఏడాది 5,000 చేశారు. భూమి ఎంతున్నా పరిమితి పెట్టలేదు. డబ్బు పట్టాదారుకే, కౌలు రైతుకు రాలేదు.

నా చిక్కు ఇక్కడే. లాభాలన్నీ మామూలుగా కూడితే ఇరవై ఎకరాల ఆసామికి అందిన రూపాయి, రెండెకరాల రైతుకు అందిన రూపాయి ఒకటే అవుతాయి. కౌలు రైతు లెక్కలోకే రాడు. పేదవాడి రూపాయికి ఎక్కువ బరువు ఇద్దామంటే మా గైడ్ "అది నీ అభిప్రాయం, విశ్లేషణ కాదు" అన్నారు. అందరికీ సమాన బరువు ఇవ్వడం కూడా అభిప్రాయమే కదా? మా నాన్నది కౌలు సేద్యమే. అందుకే నేను ఒకవైపు మొగ్గుతున్నానేమో అని టెన్షన్.

బ్రిటన్ ట్రెజరీ (ఆర్థిక శాఖ) వాళ్ల 2022 గ్రీన్ బుక్‌లో, అంటే ప్రభుత్వ పథకాల లాభనష్టాలు లెక్కగట్టే మార్గదర్శిలో, ఆదాయాన్ని బట్టి బరువులు ఇచ్చే పద్ధతి ఉంది. ఆదాయం పెరిగేకొద్దీ అదనపు రూపాయి విలువ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పడానికి 1.3 వాడారు. దాన్ని మన పల్లెలకు అలాగే వాడొచ్చా? లేక రెండు మూడు రకాల బరువులతో ఫలితాలు పక్కపక్కన చూపిస్తే సరిపోతుందా? రైతుబంధు వల్ల కౌలు ధరల్లో మార్పు వచ్చి ఉంటే దాన్ని విడిగా కొలవాలా?

ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే నెలే సమర్పించాలి.