పర్యాయపద నిఘంటువు పక్కన పెట్టుకుని కథ రాయొచ్చా?

కొత్తకలం:
నా కథలో "అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది" అని ఒక వాక్యం. ఆ పేజీలోనే "ఏడ్చింది" మూడుసార్లు వచ్చింది. నిఘంటువు తీసి ఒకచోట "విలపించింది", ఇంకోచోట "రోదించింది" అని మార్చాను. చదివిన ఫ్రెండ్ నవ్వాడు. ఏడుపు సీన్‌లో నవ్వు! తప్పు నాదా, నిఘంటువుదా?

గోదారిగట్టు:
రోదించడం పేపర్ భాష, విలపించడం పురాణం భాష. పొయ్యి దగ్గర అమ్మ అలా ఏడవదండీ. వెక్కుతుంది, ముక్కు చీదుకుంటుంది. అసలు మన దగ్గర ఈ పుస్తకాలు పుట్టిందే పద్యం కోసం. అమరకోశం మొత్తం శ్లోకాలే, బట్టీ పట్టడానికి వీలుగా. యతి కుదరకో గణం సరిపోకో ఇరుక్కున్న కవికి నీళ్ళకి నాలుగు పేర్లు కావాలి: జలం, ఉదకం, సలిలం, తోయం. కథ రాసేవాడికి ఆ ఇబ్బంది ఎక్కడిది? "బిందెతో సలిలం తెచ్చింది" అని రాస్తే బిందె కూడా సిగ్గుపడుతుంది. నన్నడిగితే నిఘంటువు అటకెక్కించండి.

నిఘంటుప్రియ:
ఒప్పుకోను. అమరం సంస్కృతం, సరే. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలో ఉన్నవి తెలుగు మాటలే కదా? మీకు ముందే మాటలున్నాయి కాబట్టి అటకెక్కించమంటున్నారు. నేను హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియంలో చదివాను. జల్లు, తుంపర, జడి, ముసురు అన్నీ నాకు వానే. ఆంధ్రభారతి సైట్‌లో ఒక్కొక్కటీ వెతుక్కున్నాకే తేడా తెలిసింది. జల్లు వచ్చి పోతుంది, ముసురు పట్టి కూర్చుంటుంది. "ముసురు పట్టింది" అని రాశాక బట్టలు ఆరలేదని వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో వినని వాళ్ళని పుస్తకంలో కూడా చూడొద్దంటే ఎలా?

గోదారిగట్టు:
సరే, అది ఒప్పుకుంటున్నా. కానీ మీరు వెళ్ళింది తేడా కోసం. కొత్తకలం గారు వెళ్ళింది మారుపేరు కోసం.

నల్లరేగడి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది, అంతా వ్యవసాయం మాటలే. రైతుల నోటి మాటల్ని ఏ ప్రాంతంలో ఏమంటారో చూపిస్తూ పేర్చారు. వెతికితే ఇలాంటిది వెతకాలి.

అయినా నాకు పని చేసింది అది కూడా కాదు. "రైతు పొలం దున్నాడు" అని రాసి మా నాన్నకి వినిపించాను. "ఎప్పుడు? పదును మీదా, పొడి దుక్కా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. దున్నాడు అనే మాటతో గొడవేం లేదు, నేనే ఆ పొలం చూడకుండా రాశాను. తర్వాత ఇలా మారింది: "వాన వెలిసిన మర్నాడు, పదును ఆరకముందే అరక కట్టాడు." ఇది ఏ పట్టికలో దొరుకుతుంది చెప్పండి?

నిఘంటుప్రియ:
నాన్నగారే నిఘంటువైతే మీకేం టెన్షన్ లేదు లెండి 🙂

కొత్తకలం:
మార్చాను, చూడండి: "అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. ఊదుగొట్టం ఎత్తకుండానే కొంగుతో కళ్ళొత్తుకుంది. పొయ్యి ఇంకా రాజెయ్యనే లేదు." మిగతా రెండుచోట్లా "ఏడ్చింది" అనే ఉంచేశాను.

గోదారిగట్టు:
ఇప్పుడు ఏడిచింది మీ అమ్మ.

నిఘంటుప్రియ:
బాగుంది. ఊదుగొట్టం ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడే నిఘంటువులో వెతుకుతున్నా.