పత్రికలను నమ్మించడం హాస్యరచన అవుతుందా? ఆలన్ ఏబెల్ గురించి ఒక సందేహం

ప్రశ్న (మారతహళ్ళి నుంచి):
నేను పదేళ్ళుగా బెంగళూరులోని తెలుగువారి ఉగాది వేడుకలకు హాస్యనాటికలు రాస్తున్నాను. వీధుల్లో తిరిగే ఆవులకు హెల్మెట్ తప్పనిసరి చేయాలని కోరే సంఘమొకటి పుట్టినట్టు ఉత్తుత్తి ప్రకటన రాసి విలేకరులకు పంపుదామని మా బృందంలో ఒకరు అంటున్నారు. అమెరికాలో ఆలన్ ఏబెల్ జీవితమంతా ఇదే పని చేశారని ఉదాహరణ చూపిస్తున్నారు. ఆయన చేసింది రచనా, మోసమా? తెలిసినవారు వివరంగా చెప్పండి.

జవాబు (బసవనగుడి నుంచి):
రచనేనండి. 1959లో టెక్సస్‌లో ఆవూ ఎద్దూ రోడ్డు మీదే జతకట్టడంతో వాహనాలు ఆగిపోయినప్పుడు, చూస్తున్నవారి మొహాల్లోని ఇబ్బందిని ఏబెల్ గమనించారు. జంతువులకు బట్టలు తొడగాలని ఉద్యమించే సంఘం గురించి వ్యంగ్య కథ రాసి పంపితే, సంపాదకుడు అది నిజమనుకుని తిప్పి పంపారు. దాంతో ఆయన ఆ సంఘాన్నే జనం ముందుకు తెచ్చారు. అధ్యక్షుడు జి. క్లిఫర్డ్ ప్రౌట్ పాత్రను హాస్యనటుడు, రచయిత బక్ హెన్రీ ధరించారు. నాలుగు అంగుళాల ఎత్తు గానీ ఆరు అంగుళాల పొడవు గానీ దాటిన ప్రతి జంతువుకూ బట్టలుండాలన్నది వారి నియమం. ఆ కొలతల్లోనే రచయిత చేయి కనిపిస్తుంది. 1962లో సీబీఎస్ టీవీలో ప్రసిద్ధ వార్తా వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ అంతటివారు కూడా ప్రౌట్‌ను నిజమైన మనిషిగానే ఇంటర్వ్యూ చేశారు.

జవాబు (చెన్నై నుంచి, మాజీ సబ్ ఎడిటర్):
నాకు మాత్రం బాధ కలిగించే ఉదంతం ఒకటుంది. 1980 జనవరిలో ఏబెల్ తన మరణవార్తను తానే న్యూయార్క్ టైమ్స్‌లో వేయించుకున్నారు. మా డెస్క్‌లో మరణవార్త వస్తే, అది తెచ్చినవారిని కాకుండా మరొకరిని ఫోన్‌లో అడిగి నిర్ధారించుకున్నాకే పేజీలోకి పంపేవాళ్ళం. టైమ్స్ వారూ అలాగే అడిగారు. కానీ ఆ ఫోన్ ఎత్తే అంత్యక్రియల నిర్వాహకుడూ, ఏడ్చే భార్యా ఏబెల్ మనుషులే. ఇందుకోసం ఆయన విడిగా ఒక ఫోన్ లైను పెట్టించి, ఆ నంబరు టెలిఫోన్ నంబర్లు చెప్పే విచారణ విభాగంలో దొరికేలా కూడా చేశారు. తమ పని తాము సరిగ్గా చేసినవారిని బోల్తా కొట్టించడం నాకు నచ్చదు. 2018లో ఆయన 94వ ఏట నిజంగానే కన్నుమూసినప్పుడు, అదే పత్రిక పాత సంగతి గుర్తుచేస్తూ రాయవలసి వచ్చింది. మన "నాన్నా, పులి" కథే కదండీ.

జవాబు (ఇందిరానగర్ నుంచి):
జీవనోపాధి మాట కూడా ఆలోచించండి. ఏబెల్ జాజ్ డ్రమ్మర్, ఉపన్యాసాలూ ఇచ్చేవారు. బక్ హెన్రీ 1965లో మెల్ బ్రూక్స్‌తో కలిసి టీవీ హాస్య ధారావాహిక "గెట్ స్మార్ట్"ను రూపొందించారు, 1967లో "ది గ్రాడ్యుయేట్" స్క్రీన్‌ప్లే రాసినవారిలో ఒకరయ్యారు. ఎంత అసంబద్ధమైన మాటనైనా మొహంలో నవ్వు కనిపించకుండా చెప్పే ఆయన పద్ధతికి ప్రౌట్ పాత్ర మంచి సాధన అయివుంటుందని నా నమ్మకం.

ప్రశ్న వేసినవారు:
అందరికీ ధన్యవాదాలు. సబ్ ఎడిటర్ గారి మాట విన్నాక విలేకరులకు పంపే ఆలోచన మానుకున్నాను. ఆ సంఘాధ్యక్షుణ్ణి ఉగాది వేదిక మీదికే తీసుకువస్తాను. కొమ్ములకు ఎంత చోటు వదలాలో టేపుతో కొలిచి చూపించడంతో ఆయన ప్రసంగం మొదలవుతుంది.