కేర్ మేనేజర్‌ని పెట్టుకుంటే అమ్మానాన్నల్ని వదిలేసినట్టేనా?

పెద్దమ్మాయి (చర్చ మొదలుపెట్టినవారు)

రెండు నెలలుగా మా ఇంట్లో తెగని గొడవ ఇది. అమ్మకి 74, నాన్నకి 79. ముగ్గురం పిల్లలం, ఎవరమూ వాళ్ల దగ్గర లేం. ఇంట్లో సాయానికి మనిషి ఉంది. అయినా ఒక రాత్రి అమ్మ బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోయింది. ఎముక విరగలేదు కానీ, ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. చివరికి ఒక కేర్ మేనేజర్‌ని, అంటే పెద్దవాళ్లకి ఏ సాయం కావాలో చూసి, డాక్టర్లతో మాట్లాడిపెట్టే మనిషిని, మాట్లాడాను.

ఆవిడ వచ్చి ముందుగా చేసిన పని, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెప్పించి టేబుల్ మీద పెట్టించడం. పదకొండు స్ట్రిప్పులు. ముగ్గురు డాక్టర్లు వేర్వేరుగా రాసినవి. ఏది ఎప్పుడు మొదలైందో అమ్మనే అడిగి వరసగా రాసుకుంది. బీపీకి ఆమ్లోడిపిన్ మొదలైన కొన్ని వారాలకి పాదాలు వాచాయి. ఆ వాపు చూసి ఇంకో డాక్టరు నీరు తీసే మాత్ర రాశారు. అమ్మ దాన్ని సాయంత్రం వేసుకుంటోంది. దాంతో రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోంది. పడిపోయింది అలా లేచినప్పుడే.

ఆవిడ ఒక్క మాత్ర కూడా ఆపలేదు, మార్చలేదు. ఆ కాగితం పట్టుకుని అమ్మతో పాటు డాక్టరు దగ్గరకెళ్లింది. ఆయన బీపీ మందు మార్చారు. వాపు తగ్గాక రెండో మాత్ర తీసేశారు.

మేం ముగ్గురం రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాం. "మాత్రలు వేసుకున్నావా?" అని అడుగుతూనే ఉన్నాం. వేసుకుంటూనే ఉంది పాపం.

తమ్ముడు మాత్రం "కన్నవాళ్ల మంచిచెడ్డలు చూడ్డానికి కూడా మనిషిని కుదుర్చుకోవాలా?" అంటున్నాడు. ఆ మాట గుచ్చుకుంది. ఇందులో నా తప్పేమైనా ఉందా?

ఒక్కడే కొడుకు

మీ తమ్ముడి బాధ నాకు అర్థమైంది. మూడేళ్లుగా అమ్మని నేనే చూసుకుంటున్నాను. ఆవిడకి ఒంట్లో బాగోలేదని గొంతు వినగానే తెలిసిపోతుంది నాకు. నెలకి రెండుసార్లు వచ్చి పోయేవాళ్లకి అది ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్లు కొత్తవాళ్ల ముందు "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. వాళ్లు అదే రాసుకుని పోతారు.

ఇంకో సంగతి. మాకు తెలిసినవాళ్ల ఇంట్లో కేర్ మేనేజర్ చెప్పిన ఏజెన్సీ నుంచే అటెండెంట్‌ని పెట్టుకున్నారు. ఆ ఏజెన్సీ నుంచి ఆయనకి కమిషన్ అందుతోందని తర్వాత తెలిసింది. అలాంటప్పుడు ఆయన ఎవరి మేలు చూస్తున్నట్టు? ఇదంతా భరించే స్తోమత లేనివాళ్ల సంగతేంటి?

వార్డు నర్సు

కమిషన్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజమండీ. మొదటిరోజే మొహమాటం లేకుండా అడగాలి: మీకు మేమిచ్చే ఫీజు తప్ప ఇంకెవరైనా ఇస్తున్నారా? జవాబు కాగితం మీద రాసివ్వమనాలి. రాసివ్వనంటే అక్కడితో వదిలేయండి. ఇంకొకటి, బ్యాంకు వ్యవహారాలు, సంతకాలు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి.

కానీ అటెండెంట్ పని వేరు, కేర్ మేనేజర్ పని వేరు. అటెండెంట్ చేయిపట్టి నడిపిస్తుంది. కేర్ మేనేజర్ చేయాల్సింది ఆ మనిషికి ఏ సాయం ఎంత కావాలో తేల్చడం, డాక్టర్లందరి మాటా ఒకచోటికి చేర్చడం. దీనికి పద్ధతులున్నాయి. 1963లో అమెరికా డాక్టరు సిడ్నీ కాట్జ్ బృందం, మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో చూడ్డానికి ఆరు పనులతో ఒక కొలత తయారుచేసింది: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీ మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. 1969లో లాటన్, బ్రోడీ అనే పరిశోధకులు ఇంకో కొలత ఇచ్చారు. అందులో ఫోన్ వాడటం, డబ్బు లెక్క, మందులు వేసుకోవడం, బయటికి వెళ్లిరావడం లాంటివి ఉంటాయి. మామూలుగా ముందు జారిపోయేవి ఈ రెండోరకం పనులే. చక్కగా స్నానం చేసి తయారై కూర్చుంటారు, కరెంటు బిల్లు మాత్రం మూడు నెలలుగా కట్టి ఉండరు. ఫోన్లో అది తెలీదు.

"బాగానే ఉన్నాను" అన్నవాళ్లని నేనైతే కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోమంటాను. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉందని జాగ్రత్తపడతాం. కేర్ మేనేజర్‌తో ఒక్కరోజు పరీక్ష చేయించుకుని, రాతపూర్వకంగా ప్లాన్ తీసుకుని, మిగతాది ఇంట్లోవాళ్లే చూసుకోవచ్చు. నెలనెలా పెట్టుకోలేనివాళ్లకి ఆ దారి ఉంది.

మూడేళ్లుగా ఒక్కరే చూసుకుంటున్నారన్నారు. మీ నిద్ర సంగతి ఎవరైనా అడిగారా?

ఒక్కడే కొడుకు

ఎవరూ అడగలేదండీ. మూడేళ్లలో ఒక్క రాత్రి కూడా ఇల్లు దాటలేదు. అయినా నా మాట మారదు. ఎవరొచ్చినా నా పక్కన ఉండి సాయం చేయాలి, నా స్థానంలోకి రాకూడదు.

డెబ్బై ఆరు

ఇంతసేపూ మా గురించే మాట్లాడుకుంటున్నారు, మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. నా వయసు 76. పోయినేడు మా అబ్బాయి ఒకావిడని తీసుకొచ్చాడు. నేను ఎదురుగానే కూర్చున్నాను. ఆవిడ మావాణ్ణి అడిగింది, "రాత్రిళ్లు అమ్మగారికి నిద్ర ఎలా పడుతోంది?" అని. నిద్రపోయేది నేను కదా తల్లీ. ఆవిడ మళ్లీ రాకూడదని చెప్పేశాను.

రెండోసారి వచ్చినమ్మాయి నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నాకు దేనికి భయమో అడిగింది. పక్క తడుస్తోందని ఆ అమ్మాయికి చెప్పగలిగాను. కొడుక్కి చెప్పలేకపోయాను. అతను మంచివాడు కాకపోవడం వల్ల కాదు, చెప్పలేను అంతే. "అబ్బాయికి చెప్పమంటారా?" అని నన్ను అడిగాకే చెప్పింది. మీరు ఎవరిని పెట్టుకున్నా ఆ ఒక్క మాట అడిగేవాళ్లని పెట్టుకోండి.

పెద్దమ్మాయి

అమ్మా, మీరు రాసింది చదివాక మా అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ రావడం నీకిష్టమేనా అని ఇప్పటిదాకా నేను అడగనేలేదు. సిగ్గేసింది.

కాసేపు ఏమీ మాట్లాడలేదు అమ్మ. తర్వాత, "ఆవిణ్ణి రానీ. కానీ నాన్నకి రోజులు, తేదీలు గుర్తుండట్లేదన్న సంగతి మాత్రం తమ్ముడికి నేనే చెప్తాను, ఆవిడ చెప్పకూడదు" అంది.

నాన్న సంగతి నాకూ తెలీదు. తమ్ముణ్ణి ఆదివారానికి రమ్మన్నాను. నేనూ బయల్దేరుతున్నాను.