‘తీరు’ వేరు, ‘రకం’ వేరు

అనువాదకురాలు: ఆటోఇమ్యూన్ కాలేయ జబ్బుల మీద, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయాన్ని దెబ్బతీసే జబ్బుల మీద, ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘ప్యాటర్న్’, ‘సబ్‌టైప్’ రెంటికీ ‘రకం’ అనే రాసుకుంటూ ముప్పై పేజీలు దాటాక అనుమానం మొదలైంది. ఇంకోటి, ‘ఇంటర్‌ఫేస్ హెపటైటిస్’కి ‘అంతర్ముఖ కాలేయశోథ’ అని పెట్టాను. చదువుతుంటే కాలేయం మౌనవ్రతం పట్టినట్టుంది.

పాథాలజిస్ట్: స్లైడ్లు చూడటమే నా పని. రెంటికీ ఒకే మాట పెడితే విషయమే తప్పిపోతుందండీ. మైక్రోస్కోపు కింద కనిపించేది ‘తీరు’. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను రకం 1, రకం 2 అని విడదీసేది మాత్రం రక్తంలోని యాంటీబాడీలను బట్టి. ఏఎన్‌ఏ, స్మూత్ మజిల్ యాంటీబాడీ అనేవి కనిపిస్తే ఒకటో రకం. ఎల్‌కేఎం-1 అనే యాంటీబాడీ అయితే రెండోది, ఇది ఎక్కువగా పిల్లల్లో. స్లైడు ఒక్కటీ ఇచ్చి ఏ రకమో చెప్పమంటే నా వల్ల కాదు. మీ ముప్పై పేజీలు చదివినవాళ్లు అది చిటికెలో పని అనుకుంటారు!

ఇక ఇంటర్‌ఫేస్ సంగతి. కాలేయంలో సన్నని రక్తనాళాలు, పిత్తనాళం కలిసి సాగే చోటు పోర్టల్ ట్రాక్టు. దాని చుట్టూ కాలేయ కణాలు పొలం గట్టులా ఒక వరస కట్టి ఉంటాయి. లోపల గుమిగూడిన లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు అనే రక్షణ కణాలు ఆ వరసను కొరుక్కుంటూ బయటికొస్తాయి. నున్నగా ఉండాల్సిన అంచు గాట్లు పడి కనిపిస్తుంది.

తెలుగు మాస్టారు: ఏటి ఒడ్డు కోసుకుపోయింది అంటాం కదమ్మా, ‘అంచు కోత’ అను. దీని పాత పేరు ‘పీస్‌మీల్ నెక్రోసిస్’కీ (కణాలు కొంచెం కొంచెంగా చావడం) అతుకుతుంది.

అనువాదకురాలు: కోత అంటే ఆపరేషన్ అనుకోరా మాస్టారూ? పైగా ‘శోథ’ ఎగిరిపోయింది.

తెలుగు మాస్టారు: అయితే మొదటిసారి ‘అంచును కోసే వాపు’ అని రాసి, తర్వాత ‘అంచు కోత’ అను.

పాథాలజిస్ట్: నాకు నచ్చింది, ముఖ్యంగా ఈ మాట కారణం జోలికి పోదు. వైరల్ హెపటైటిస్‌లోనూ, కొన్ని మందుల వల్లా ఇదే కోత కనిపిస్తుంది. కాబట్టి ‘ఆటోఇమ్యూన్ కోత’ అని మాత్రం రాయకండి. ఇక పిత్తనాళాలు గట్టిపడి ఇరుకయ్యే జబ్బు, ప్రైమరీ స్క్లెరోజింగ్ కోలాంజైటిస్‌లో, పిత్తనాళం చుట్టూ నారపదార్థం వరసలు వరసలుగా పేరుకుంటుంది. దానికి మాట వెతకక్కర్లేదు, ‘ఉల్లిపొర’ ఉండనే ఉంది.

అనువాదకురాలు: ‘ఉల్లిపొర’ ఖాయం. ‘రకం’ దగ్గర ఫైండ్ అండ్ రీప్లేస్ కొడదామనుకున్నాను, కుదరదు. ప్రతిచోటా స్లైడు మాటా, రక్తం మాటా అని చూసుకోవాలి. ఒకటో పేజీకి వెళ్తున్నాను.