అప్‌డేట్: ఇంట్లో రికార్డ్ చేసిన రాక్ పాటలో గిటార్, డ్రమ్స్ టోన్

గిటార్ సన్నగా గీపెడుతోంది, డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టున్నాయి అని అడిగాను కదా, ఇప్పుడు రెండూ చాలావరకు దారికొచ్చాయి. మీరు చెప్పినట్టే యాంప్ సిమ్యులేటర్‌లో (గిటార్ యాంప్లిఫైయర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) గెయిన్ (శబ్దానికి గరుకుదనం తెచ్చే సెట్టింగ్) బాగా తగ్గించి, ఒకే రిఫ్‌ను (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ బిట్) విడివిడిగా రెండుసార్లు వాయించి ఒకటి పూర్తిగా ఎడమ స్పీకర్‌కి, ఇంకోటి కుడి స్పీకర్‌కి పెట్టాను. ఒకే టేక్‌ని (ఒకసారి వాయించిన రికార్డింగ్) కాపీ చేస్తే శబ్దం రెండు వైపులా పరుచుకున్నట్టుండే ఆ వెడల్పు అస్సలు రాదు, రెండు టేకుల మధ్య ఉండే చిన్న తేడాల వల్లే అది వస్తుంది. క్యాబ్ ఐఆర్ (గిటార్ స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించే ఫైల్) మార్చడం ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించడం) కంటే ఎక్కువ పనిచేసింది, నిజంగా. గిటార్‌లో 100 హెర్ట్జ్ కంటే కింది లోతు శబ్దాన్ని కోసేశాక బేస్ గిటార్‌కి, కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) చోటు దొరికింది. డ్రమ్స్‌కి పైన వేలాడే రెండు ఓవర్‌హెడ్ మైకులనూ స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్) మధ్య నుంచి టేపుతో కొలిచి సమాన దూరంలో పెట్టాం, ఫేజ్ కుదిరి (రెండు మైకులకీ దాని శబ్దం ఒకేసారి చేరి) స్నేర్ గట్టిగా పలుకుతోంది. టామ్స్ (సెట్‌లోని మిగతా డ్రమ్స్) మోత మాత్రం ఇంకా ఆగట్లేదు, కొత్త హెడ్స్ (డ్రమ్ మీది పొరలు) వేసి చూస్తాను. అందరికీ చాలా థాంక్స్!