అప్‌డేట్: దీవిలో బూజు, తుప్పు సమస్య

ఉష్ణమండల దీవికి మారాక పుస్తకాలకు బూజు, ఇనుప వస్తువులకు తుప్పు పడుతున్నాయని, ఏం చేయాలో చెప్పమని ఆరు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

గాలిలో తేమ 60 శాతం దాటి నిలిచి ఉంటే బూజుకు అనువని మీలో ఒకరు చెప్పగా, తేమను కొలిచే చిన్న మీటరు తెచ్చి అల్మరాలో పెట్టాను. వాన వెలిసిన ఉదయం అది 84 చూపించినప్పుడే అసలు సంగతి బోధపడింది. అల్మరాను గోడకు జానెడు ఎడంగా జరిపి, పుస్తకాల మధ్య గాలి ఆడేలా సర్దాక అట్టల మీద ఆ బూడిదరంగు మచ్చలు మళ్లీ కనిపించలేదు.

తుప్పు విషయంలో నా పొరపాటు వేరు. లోహంపై పేరుకున్న సముద్రపు ఉప్పు, తేమ 75 శాతం దాటేసరికి నీటిని పీల్చుకుని పలుచని ఉప్పునీటి పొరగా మారుతుంది కాబట్టి, పొడిగుడ్డతో తుడిస్తే చాలదు, మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ముట్టుకుంటే వేలికి నారింజరంగు పొడి అంటిన కిటికీ గడియలను తీసేసి, మాలిబ్డినం అనే లోహం కలిసి ఉప్పుగాలికి తుప్పును బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి బిగించాను. అవి ఖరీదైనవే, అయినా సముద్రం దగ్గర ఆ ఖర్చు అవసరమనే నా అభిప్రాయం.

పరుపు అడుగున చెమ్మ మాత్రం ఇంకా వదలలేదు. కింద గాలి ఆడేలా దాన్ని పలకల మధ్య సందులున్న మంచం మీదికి మార్చి చూస్తున్నాను.